బతికుండగా ఇచ్చిన తాళాలు

(ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన సినిమా మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకు వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

ఈ నెల నన్ను మాట్లాడమని అడిగినప్పుడు ఏ సినిమా గురించి చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. సినిమా సాంకేతిక విషయాలు నాకు పెద్దగా తెలియవు. ముప్పై ఏళ్ళ నుంచి సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను, నా బీరువాలో ఉన్న ఫైళ్ళలో సగానికి పైగా అన్నదమ్ముల పంపకాలు, అక్కచెల్లెళ్ళ వాటాలు, ఎవరు రాశారో ఎవరు రాయించారో తేలని వీలునామాలు. అందుకని ఆస్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళే కథ ఎక్కడ కనబడినా నా చూపు అటే పోతుంది. అలా పట్టుకున్న కథే 'డౌన్‌టన్ అబీ'. దాని ఆఖరి సినిమా 'ది గ్రాండ్ ఫినాలే' 2025 సెప్టెంబర్ 12న విడుదలైంది. చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెబుదామనే వచ్చాను.

చూడనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఇది 2010 సెప్టెంబర్ 26న ఇంగ్లండ్‌లో ఐటీవీ ఛానల్లో సీరియల్‌గా మొదలైంది. 2015 క్రిస్మస్ దాకా ఆరు సీజన్లు, 52 ఎపిసోడ్లు. ఆ తర్వాత 2019లో ఒక సినిమా, 2022లో ఇంకొకటి, 2025లో ఈ చివరిది. కథ రాసింది జూలియన్ ఫెలోస్, ఆఖరి రెండు సినిమాలకూ దర్శకుడు సైమన్ కర్టిస్. యార్క్‌షైర్‌లో ఒక పెద్ద కోట లాంటి ఇల్లు, పైన గ్రాంథమ్ ప్రభువు రాబర్ట్ క్రాలీ కుటుంబం, కింద వంటింట్లో వాళ్ళను కనిపెట్టుకుని ఉండే పనివాళ్ళు. కథలో కాలం 1912 నుంచి 1930 దాకా నడుస్తుంది, మనకేమో పదిహేనేళ్ళు. మొదటి ఎపిసోడ్‌లో పద్దెనిమిదేళ్ళ పిల్లలా కనిపించినవాళ్ళు చివరి సినిమాకు నడివయసుకు వచ్చారు, మనమూ వాళ్ళతో పాటే వచ్చాం.

ఇప్పుడు నా వృత్తి కన్నుకు కనిపించిన సంగతి చెబుతాను. ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఏది చేతులు మారినా ఎవరో ఒకరు పోతేనే మారింది. కావాలంటే లెక్క పెట్టి చూడండి. కథ మొదలయ్యేదే 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగిందన్న కబురుతో, ఆ ఓడలో ఈ ఇంటి వారసులిద్దరూ పోయారు కాబట్టి మాంచెస్టర్‌లో ఎక్కడో లాయరు పని చేసుకుంటున్న దూరపు చుట్టం మాథ్యూ వారసుడయ్యాడు. రాబర్ట్ కెనడా రైల్వేలో డబ్బు పోగొట్టుకుని ఇల్లు అమ్ముకునే స్థితికి వస్తే, మాథ్యూకు పెళ్ళి కావలసి ఉండి చనిపోయిన అమ్మాయి తండ్రి, ఆయన కూడా పోయి, రాసిపెట్టిన సొమ్ము ఈ ఇంటిని నిలబెట్టింది. మాథ్యూ కారు ప్రమాదంలో పోతే అతను రాసిన ఒక ఉత్తరమే వీలునామాగా చెల్లుబాటై అతని భార్య, రాబర్ట్ పెద్దకూతురు మేరీకి అధికారం వచ్చింది. చెల్లెలు ఎడిత్‌కు పత్రిక వచ్చింది ప్రేమించినవాడు జర్మనీలో చంపబడితే, ఆమె భర్త బెర్టీకి మార్క్వెస్ బిరుదు వచ్చింది అన్న వరసవాడు టాంజియర్‌లో చనిపోతే. 2022 సినిమాలో ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న బంగళా సంగతి కూడా అంతే, ఒక పెద్దమనిషి పోతూ పోతూ రాబర్ట్ తల్లి, ముసలావిడ వయొలెట్ పేర రాశాడు. పదిహేనేళ్ళ కథ మొత్తం ఒక పెద్ద వీలునామాలా నడిచింది.

అన్నట్టు, మొదటి సీజన్‌లో గొడవంతా మేరీ ఆడపిల్ల కాబట్టి ఇల్లు ఆమెకు రాదనే. ముగ్గురూ కూతుళ్ళే, ఆస్తి అంతా బిరుదుతో ముడిపడి మగ వారసుడికే పోవాలి, చివరికి తల్లి కోరా అమెరికా నుంచి తెచ్చుకున్న కట్నం సొమ్ము కూడా ఆ ముడిలోనే ఇరుక్కుంది. ఈ మాట మన దగ్గర చాలామందికి వెంటనే తగులుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికి కొడుకుతో పాటు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబర్ 5 నుంచి, దేశం మొత్తానికి అది వచ్చింది 2005లో. నేను ప్రాక్టీసులో చేరిన కొత్తలో మా సీనియర్ గారి దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు "మాకూ వస్తుందా అమ్మా" అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు, ఏదో తప్పు చేస్తున్నట్టు. మేరీ ముఖంలో నాకు వాళ్ళు కనిపించారు.

ఇక చివరి సినిమాకు వస్తాను. మా భాషలో రెండు రకాల కాగితాలు ఉంటాయి. మనిషి పోయాక అమల్లోకి వచ్చేది వీలునామా. బతికుండగానే ఇచ్చేసి, రిజిస్టరు చేయించి, ఆ క్షణం నుంచి నాది కాదు అనుకునేది సెటిల్‌మెంట్. వీలునామా రాయడం సులువు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రాసినాయన కుర్చీ రాసినాయనదే. సెటిల్‌మెంట్ అలా కాదు. సంతకం పెట్టి రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగేటప్పుడు పెద్దవాళ్ళ నడకలో తేడా వస్తుంది, నేను ఎన్నోసార్లు చూశాను. 'గ్రాండ్ ఫినాలే' ఆ రెండో రకం కథ. ఇందులో మన కళ్ళముందు ఎవరూ చనిపోరు. అందరూ బతికుండగానే, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే, పెత్తనం దించి పక్కన పెట్టాలి. పైన రాబర్ట్, కింద బట్లర్ కార్సన్, వంటింట్లో మిసెస్ పాట్‌మోర్. ముగ్గురికీ అదే పరీక్ష.

కథ 1930 వేసవిలో మొదలవుతుంది. మేరీకి రెండో భర్త హెన్రీతో విడాకులైపోయాయి. లండన్‌లో ఒక పెద్దింటి విందుకు ఎర్రటి గౌను వేసుకుని అమ్మానాన్నలతో వెళుతుంది. అప్పటికే కబురు ఊరంతా పాకింది. రాజకుటుంబం వాళ్ళు వస్తున్నారు, విడాకులైన ఆవిడ అదే కప్పు కింద ఉండకూడదు, దయచేసి వెళ్ళిపోండి అని ఇంటావిడ చెబుతుంది. నిన్నటిదాకా ఈమె తమ విందుకు వస్తే చాలనుకున్న మనుషులు చూపు తిప్పుకుంటారు. ఈ సీను దగ్గర మా కుర్రవాళ్ళు ఫోన్లో ఆపేసి "ఇంత చిన్న విషయానికా?" అన్నారు. చిన్న విషయం కాదు. ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఇంగ్లండ్‌లో 1923 దాకా మగవాడు భార్య తప్పు చేసిందని చూపిస్తే చాలు, విడాకులు వచ్చేవి. ఆడది మాత్రం భర్త తప్పు చేశాడని చూపించడమే సరిపోదు, కొట్టాడనో వదిలేసి పోయాడనో ఇంకోటి కూడా కలిపి నిరూపించాలి. 1923లో వచ్చిన చట్టం ఆ తేడాను తీసేసింది. కానీ పరాయి సంబంధం తప్ప వేరే కారణానికి విడాకులు దాదాపు లేనే లేవు, అది 1937లో మారింది. మధ్యలో ఆ పద్నాలుగేళ్ళు ఏం జరిగేదంటే, ఇద్దరికీ పొసగక విడిపోదామనుకున్నా సరే, మొగుడు ఒక హోటల్‌కు వెళ్ళి ఎవరో ఒక ఆడమనిషితో గదిలో కనబడి, పొద్దున్నే టీ తెచ్చిన పనివాళ్ళ చేత సాక్ష్యం చెప్పించుకునేవాడు. మర్యాద కాపాడుకోవడానికి అంత అమర్యాద. మేరీ విడాకులు ఆ రోజులవి. హెన్రీ ఈ సినిమాలో కనబడనే కనబడడు, కానీ అతను లేనితనం ప్రతి గదిలోనూ తెలుస్తుంటుంది.

రాజుగారి ముందు విడాకుల మనిషి నిలబడకూడదన్న పట్టింపు ఎంతకాలం నడిచిందో చూడండి. ఆస్కాట్ గుర్రప్పందాల్లో రాయల్ ఎన్‌క్లోజర్ అని ఒక ఆవరణ ఉంటుంది, అందులోకి విడాకులైనవాళ్ళను 1955 దాకా రానివ్వలేదు. అదే 1955లో యువరాణి మార్గరెట్ విడాకులైన మనిషిని పెళ్ళాడబోనని ప్రకటించాల్సి వచ్చింది. మేరీని ఆ విందు నుంచి పంపించిన వేసవికి ఆరేళ్ళు తిరిగేసరికి, 1936 డిసెంబర్‌లో, ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు విడాకులైన వాలిస్ సింప్సన్ కోసం సింహాసనమే వదులుకున్నాడు. సినిమా చూస్తున్నవాళ్ళకు ఇది తెలుసు, అందులోని పాత్రలకు తెలియదు. మేరీని గడప దాటించిన ఆ పట్టింపే ఆరేళ్ళకు రాజుగారి గుమ్మం ముందుకే వచ్చి నిలబడుతుంది. మేరీ పాత్ర వేసిన మిషెల్ డాకరీ ఆ మెట్లు దిగేటప్పుడు తల వంచదు. ఆ అమ్మాయి పొగరుబోతు అని మనం పదిహేనేళ్ళు అనుకున్నాం, ఆ పొగరే ఆ రాత్రి ఆమెను నిలబెట్టింది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే సినిమాలో బలం తక్కువైన భాగం అదే. కోరా తల్లి పోయింది, అమెరికా నుంచి రావాల్సిన సొమ్ము 1929 తర్వాత తమ్ముడు హెరాల్డ్ చేతుల్లో కరిగిపోయింది, అతను వెంటబెట్టుకొచ్చిన సలహాదారు గస్ సామ్‌బ్రూక్ తియ్యటి మాటల మోసగాడు. చూసేవాళ్ళకు మొదటి పది నిమిషాల్లోనే అతను ఎలాంటివాడో తెలిసిపోతుంది, ఇంట్లోవాళ్ళకు మాత్రం చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఇంకొంచెం లోతుగా రాసి ఉండాల్సింది. కానీ దాని వల్ల ఒక మంచి పని జరిగింది. అతన్ని నిలదీసి పంపించేది ఎడిత్. ఈ అక్కాచెల్లెళ్ళ వైరం తెలిసినవాళ్ళకు ఆ ఘట్టం విలువ తెలుస్తుంది. ఒకరి పెళ్ళి సంబంధం ఒకరు చెడగొట్టుకున్నవాళ్ళు, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందన్న సంగతి కూడా మర్చిపోయి పదిమందిలో మాటలు అనుకున్నవాళ్ళు. అక్క నవ్వులపాలవుతున్న రోజున చెల్లెలు ముందుకొచ్చి నిలబడింది. నోయెల్ కవర్డ్ అప్పట్లో లండన్ నాటక రంగంలో పెద్ద పేరు, ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిస్తే మేరీ ఉన్న ఇంటికి రామని మొహం చాటేసినవాళ్ళంతా వచ్చారు. మనుషులు అంతే కదా.

ఇప్పుడు రాబర్ట్. ఆయన చెడ్డవాడు కాదు, మంచి తండ్రి, పనివాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. కానీ నా దగ్గరికి వచ్చే పెద్దమనుషుల్లో ఎక్కువమంది రాబర్ట్ లాంటివాళ్ళే. పొలం పనులు కూతురు చూస్తోంది, లెక్కలు అల్లుడు టామ్ చూస్తూ వచ్చాడు, ఏం అమ్మాలో ఏం ఉంచాలో వాళ్ళకు తెలుసు, అయినా చివరి మాట తనదే కావాలి. లండన్‌లో ఉన్న గ్రాంథమ్ హౌస్ అమ్మేసి ఒక ఫ్లాట్ తీసుకుందామంటే మింగలేక కక్కలేక తిరుగుతాడు. పైన ఒక కుటుంబం, కింద ఒక కుటుంబం, మధ్యలో మనం, ఆ ఊహే ఆయనకు మింగుడుపడదు. హ్యూ బొన్నెవిల్ ఆ పాత్రను జాలిగా చేశాడు తప్ప వెక్కిరింతగా చెయ్యలేదు.

చివరికి ఆయన డౌన్‌టన్ పెత్తనం మేరీకి అప్పగించి, భార్యతో కలిసి డవర్ హౌస్‌కు మారిపోతాడు. తన తల్లి వయొలెట్ ఉన్న చిన్న ఇల్లు అది. ఇక్కడ నాకు ఒక చట్టం సంగతి గుర్తొచ్చింది, సినిమాలో ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇంగ్లండ్‌లో 1894లో ఎస్టేట్ డ్యూటీ పెట్టారు, మనిషి పోయాక ఆస్తి మీద వేసే పన్ను. మొదట్లో పెద్ద ఎస్టేట్లకు నూటికి 8 వంతులు, 1919 నాటికి బాగా పెద్దవాటికి 40 వంతులు. ఈ పన్నుకు తోడు యుద్ధంలో కొడుకులు పోవడం, పంటల ధరలు పడిపోవడం కూడా కలిసి ఎన్నో పెద్ద ఇళ్ళు అమ్ముడుపోయాయి, ఎన్నింటినో పడగొట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో అలా పోయినవి వెయ్యికి పైనే. పన్ను తప్పాలంటే బతికుండగానే ఇవ్వాలి, కానీ దానికి రెండు షరతులు. ఇచ్చినాయన ఆ తర్వాత మూడేళ్ళు బతకాలి. రెండోది ఇంకా ముఖ్యం, ఇచ్చిన ఆస్తిని తాను అనుభవించకూడదు. ఇచ్చాను అని కాగితం మీద రాసి అదే ఇంట్లో అదే కుర్చీలో కూర్చుంటే చట్టం దాన్ని ఇచ్చినట్టుగా ఒప్పుకోదు, పూర్తిగా బయటికి రావాలి. ఆ షరతు పన్ను కోసం రాసింది. కానీ ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో కుటుంబాల గురించి అంతకంటే నిజమైన వాక్యం నేను ఏ చట్టంలోనూ చదవలేదు. మన దేశంలో కూడా 1953 నుంచి 1985 దాకా ఎస్టేట్ డ్యూటీ ఉండేది, పాత ఫైళ్ళలో ఆ కాగితాలు ఇప్పటికీ తగులుతుంటాయి.

మా మామగారి సంగతి చెబుతాను. రేపల్లె దగ్గర మా అత్తగారి ఊరు. ఆయనకు డెబ్భై దాటాక ఒక ఉగాది నాడు ఇనప్పెట్టె తాళం, కౌలు లెక్కల పుస్తకం మా ఆయన చేతిలో పెట్టి "ఇక నువ్వే చూసుకో" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు, నేను పక్కనే ఉన్నాను. మర్నాడు పొద్దున ఆరింటికి చూస్తే ఎప్పటిలాగే అరుగు మీద ఆయన చోట ఆయన కూర్చుని ఉన్నారు. కౌలు రైతులు అలవాటు కొద్దీ ఆయన దగ్గరికే వచ్చారు. ఒకతను డబ్బు తీసి ఆయన చేతికి ఇవ్వబోయాడు. మామగారి చెయ్యి ముందుకు వచ్చింది, సగంలో ఆగింది, మళ్ళీ మోకాలి మీదికి వెళ్ళిపోయింది. "అబ్బాయికి ఇవ్వరా" అన్నారు, ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు ఉన్నారు. ఆ చెయ్యి సగంలో ఆగడం వల్లే మా ఇంట్లో అన్నదమ్ములు ఈ రోజుకీ కలిసి భోజనం చేస్తున్నారని నేను నమ్ముతాను.

కార్సన్‌ను చూస్తున్నంతసేపూ నాకు మామగారే కనిపించారు. జిమ్ కార్టర్ వేసిన బట్లర్ పాత్ర అది. చెయ్యి వణుకుతోందని 2015లో సీరియల్ చివర్లోనే దిగిపోయాడు, 2019 సినిమాలో రాజుగారు వస్తున్నారంటే మళ్ళీ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. ఇప్పుడు కుర్ర పనివాడు ఆండీకి పని పూర్తిగా అప్పగించాలి. అప్పగించాడు, కానీ కాళ్ళు ఆ ఇంటి వైపే లాగుతాయి. కుర్రాడు బల్ల సర్దుతుంటే ఈయన చూపు గ్లాసుల మీదే ఉంటుంది. సీరియల్ మొదట్లో వచ్చే టైటిళ్ళు గుర్తున్నాయా, స్కేలు పెట్టి గ్లాసులకీ పళ్ళేలకీ మధ్య దూరం కొలుస్తుంటారు. జీవితమంతా అంగుళాల లెక్కన బతికిన మనిషికి, ఇంకొకరు ఒక అంగుళం అటుగా పెట్టినా చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. మనం బయటి నుంచి చాదస్తం అంటాం. అది చాదస్తం అనిపించదు నాకు, చేతికి పని లేకపోవడం.

మిసెస్ పాట్‌మోర్ వంటింటిని డైసీకి అప్పగిస్తుంది. ఇది ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అప్పగింత. డైసీ ఎవరు? మొదటి ఎపిసోడ్‌లో ఇల్లంతా నిద్రపోతుండగా అందరికంటే ముందు లేచి, మసి చేతులతో గదిగదికీ వెళ్ళి నిప్పు రాజేసిన పిల్ల. పేపరును ఎందుకు ఇస్త్రీ చేస్తున్నారని అమాయకంగా అడుగుతుంది, సిరా ఆరి అయ్యగారి చేతులకు అంటకుండా అని చెబుతారు. ఆ పిల్ల చేతి మసి గురించి ఎవరికీ దిగులు లేదు. ఆ డైసీ ఇప్పుడు వంటింటి యజమానురాలు, అంతేకాదు, ఆ జిల్లా వ్యవసాయ ప్రదర్శన కమిటీలో సభ్యురాలు. మాథ్యూ తల్లి ఇసొబెల్ ఆ కమిటీకి అధ్యక్షురాలై డైసీనీ కార్సన్‌నూ సభ్యులుగా తీసుకొస్తుంది, తరతరాలుగా తమదే అనుకున్న సర్ హెక్టర్‌కు అది కంటగింపు. ఆయన బల్లకు ఒకవైపు, వంటమనిషి ఇంకోవైపు. పోట్లాటలో గొంతులు పెద్దగా లేవవు, కానీ ఆ బల్ల చుట్టూ కూర్చునే వరస మారిపోయింది, అది చాలు.

థామస్ బారో గురించి చెప్పకుండా వెళ్ళలేను. మొదట్లో అందరం అసహ్యించుకున్న పనివాడు. మగవాణ్ణి ప్రేమించే మనిషి కావడం నేరంగా ఉన్న దేశంలో, కాలంలో పుట్టాడు, ఇంగ్లండ్‌లో ఆ చట్టం సడలింది 1967లో. ఆ భయం అతన్ని చేదుగా మార్చింది, ఒకసారి ప్రాణం తీసుకోబోయాడు. ఇప్పుడు నటుడు గై డెక్స్‌టర్‌కు తోడుగా, అదే ఇంటికి అతిథిగా వస్తాడు. పళ్ళెం మోసిన మేడ మీదికి మనిషిగా పిలుపు వస్తుంది. రచయిత ఇతనికి పదిహేనేళ్ళు ఆగి న్యాయం చేశాడు, అందుకు నాకు జూలియన్ ఫెలోస్ అంటే గౌరవం.

అలాగని ఈ సినిమాలో లోపాలు లేవని కాదు. 1930 అంటే బ్రిటన్‌లో పని లేనివాళ్ళు ఇరవై లక్షలు దాటిన ఏడాది. బొగ్గు గనుల ఊళ్ళలో, ఓడల రేవుల్లో పొయ్యి వెలగని ఇళ్ళు. ఈ సినిమాలో ఆకలి కనబడదు. పనివాళ్ళందరికీ చివర్లో ఏదో ఒక నీడ దొరుకుతుంది, నిజంగా అన్ని పెద్దిళ్ళలో అలా జరగలేదు. ఇంకో మాట. అదే 1930 మార్చి 12న గాంధీగారు దండి నడక మొదలుపెట్టారు, ఆ వేసవికి మన కోస్తా ఊళ్ళలో ఉప్పు వండినవాళ్ళు జైళ్ళలో ఉన్నారు. ఈ కుటుంబానికి మన దేశంతో సంబంధం లేకపోలేదు, వాళ్ళ దగ్గరి చుట్టం, ష్రింపీ అని పిలుస్తారు, బొంబాయిలో ఉద్యోగం చేసి వచ్చినవాడు. అయినా ఆ భోజనాల బల్ల దగ్గర అటు నుంచి గాలి కూడా వీచదు. ఆ ఇంట్లోవాళ్ళు తమ ఇల్లు చెయ్యి జారిపోతుందేమోనని బెంగపడుతున్న వేసవిలోనే ఇక్కడ ఇంకొకరు తమ దేశాన్ని తమకు ఇమ్మని అడుగుతున్నారు. నేను ఈ కథను ప్రేమిస్తూనే ఆ సంగతి గుర్తుపెట్టుకుంటాను. మీరూ గుర్తుపెట్టుకుని చూడండి.

మ్యాగీ స్మిత్ లేని మొదటి డౌన్‌టన్ ఇది. వయొలెట్‌గా ఆవిడ "వీకెండ్ అంటే ఏమిటి?" అని అడిగిన ఒక్క మాటతో, ఏనాడూ ఒక్క రోజు కూడా ఉద్యోగం చెయ్యని వర్గం మొత్తాన్ని మన ముందు నిలబెట్టింది. 2022 సినిమా చివర్లో వయొలెట్ పాత్ర చనిపోతుంది. ఆఖరి సినిమా షూటింగ్ ముగిసిన కొద్దివారాలకు, 2024 సెప్టెంబర్ 27న, 89 ఏళ్ళ వయసులో మ్యాగీ స్మిత్ కూడా వెళ్ళిపోయింది. సినిమాను ఆవిడకే అంకితం చేశారు. హాల్లో వయొలెట్ చిత్రపటం పెద్దది వేలాడుతుంటుంది, అందరూ దాని కిందుగా తిరుగుతుంటారు. ఆవిడ డైలాగులు లేని లోటు నిజంగా తెలుస్తుంది, ఆ చురుకు ఇంకెవరికీ రాదు.

ఆ హాలు నిజమైనదే. హాంప్‌షైర్‌లోని హైక్లీర్ కాజిల్. లండన్ పార్లమెంటు భవనానికి రూపం ఇచ్చిన చార్ల్స్ బ్యారీయే దీనికీ ఇచ్చాడు. టుటన్‌ఖామున్ సమాధి తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నార్వన్ ప్రభువు ఇల్లు అది, ఆయన 1923లో కైరోలో చనిపోయాక ఆయన ఈజిప్టు సేకరణను 1926లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి అమ్మేశారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు, ఈ సీరియల్ చూసి వచ్చే జనం కొనే టికెట్లు ఆ ఇంటి మరమ్మతులకు ఆసరా అయ్యాయి. ఇంకో సంగతి, సీరియల్‌లో కింది వంటిల్లు ఆ ఇంట్లోది కాదు, లండన్‌లో ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్. అంటే పనివాడు పళ్ళెం పట్టుకుని వంటింట్లోంచి బయల్దేరేది ఒక చోట, భోజనాల గదిలో అడుగుపెట్టేది ఎన్నో మైళ్ళ అవతల. పైకీ కిందకీ మధ్య ఉన్న దూరం అంతన్నమాట.

ఇక ముగింపు సీను. అందరూ వెళ్ళిపోయారు. మేరీ ఒక్కతే హాల్లో నిలబడి ఉంటుంది. ఒక్కొక్కరే గుర్తొస్తారు, మాథ్యూ, చిన్న చెల్లెలు సిబిల్, నాయనమ్మ. ఆ పాత రోజుల ముఖాలు మన కళ్ళముందు మెరుస్తాయి, జాన్ లన్ సంగీతం మనకు తెలిసిన ఆ రాగంలోకి తిరుగుతుంది. అక్కడ నేను ఏడ్చాను. ఇల్లు తనకు రాదని మొదటి రోజు విన్న ఆడపిల్ల అదే ఇంటి మధ్యలో నిలబడింది. తండ్రి బతికే ఉన్నాడు, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాడు. రేపు పొద్దున ఏదైనా తోచకపోతే వెళ్ళి అడగొచ్చు.

ఒక చీటీ వచ్చింది. "సీరియల్ చూడకుండా నేరుగా ఈ సినిమా చూడొచ్చా, 52 ఎపిసోడ్లు చూసే టైము లేదు" అని రాశారు. చూడొచ్చు, కానీ సగమే అందుతుంది. టైము లేకపోతే ఒక పని చేయండి. మొదటి ఎపిసోడ్ ఒక్కటి చూసి, మర్నాడు ఈ సినిమా చూడండి. మొదటి ఎపిసోడ్‌లో మొదటి పది నిమిషాలు డైసీ చేతులు చూడండి, ఇంకేం చూడకపోయినా పర్లేదు. తర్వాత ఈ సినిమాలో వంటింటి బల్ల దగ్గర అవే చేతులు ఏం చేస్తున్నాయో చూడండి.

ఇంకో చీటీ ఉంది. ఇది సినిమా గురించి కాదు, సెటిల్‌మెంట్ డీడ్ రద్దు చేసుకోవచ్చా అని అడిగారు. పేరు రాయలేదు. మీరెవరో గానీ, కార్యక్రమం అయ్యాక కిందికి రండి, మెట్ల దగ్గర ఉంటాను, మాట్లాడుకుందాం.